కట్నాల బుక్కులో మీ పేరు

మీ ఇంట్లో ఎన్ని గోడ గడియారాలున్నాయి? నిజం చెప్పండి, నవ్వను. హాల్లో ఒకటి నడుస్తుంటుంది, వంటింట్లో ఒకటి ఆగిపోయి ఉంటుంది, మంచం కింద అట్టపెట్టెలో విప్పనివి ఇంకా ఉంటాయి. పెండ్లికి ఏం పట్టుకుపోవాలో తోచని రోజున మన వైపు మనిషి చెయ్యి తిన్నగా గోడ గడియారం మీదికో, రాధాకృష్ణుల ఫ్రేము మీదికో పోతుంది. నలుగురు దోస్తులు డబ్బులేసుకుంటే గడియారం సైజు కొంచెం పెరుగుతుంది. రంగు కాగితం చుట్టించి, మీద పేర్లు రాసి, స్టేజీ ఎక్కి ఫొటో దిగి, వచ్చి బంతిలో కూర్చుంటాం. అయిపోయింది.

అదే గడియారాన్ని ఒక చైనా పెండ్లికి పట్టుకుపోయామనుకోండి, ఆ ఇంటి ముసలమ్మకు గుండె జారిపోతుంది. వాళ్ల భాషలో గడియారం ఇవ్వడమన్నా, మనిషిని కడసారి సాగనంపడమన్నా చెవికి ఒక్కలాగే వినబడతాయి. నాలుగు అంకెకూ అదే గాచారం. ఎర్ర కవరులో డబ్బు పెట్టేటప్పుడు నాలుగు జోలికి పోరు, సరిసంఖ్య చూసుకుంటారు, ఎనిమిది ఉంటే మరీ సంతోషం. పక్కనున్న జపాన్‌లో దీనికి పూర్తిగా తలకిందులు. పెండ్లికి సరిసంఖ్య ఇస్తే జంట రెండుగా విడిపోతుందని, ముప్పై వేల యెన్లు, యాభై వేల యెన్లు అని బేసిగా ఇస్తారు. నోట్లు అప్పుడే బ్యాంకు నుంచి తెచ్చినట్టు కరకరలాడాలి. చావింటికి ఇచ్చే డబ్బులో మాత్రం కొత్త నోటు ఉండకూడదు. కొత్త నోట్లు తెచ్చి సిద్ధంగా పెట్టుకున్నావంటే ఈ చావు కోసం కాసుకుని ఉన్నావా అన్న అర్థం వస్తుందట. రష్యాలో పూలు బేసిగా ఇవ్వాలి. జతలు జతలుగా ఇస్తే అవి సమాధి మీద పెట్టే పూలు.

మనమేం తక్కువ తినలేదు. వందకు ఒకటి కలిపి నూటొక్కటి, ఐదువందలకు ఒకటి కలిపి ఐదువందల ఒకటి. సున్నాతో ఆగితే మనకు మనసొప్పదు. కవర్లమ్మేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు కాబట్టే కవరు మీదే రూపాయి బిళ్ల అతికించి అమ్ముతున్నారు. ఇక నూటపదహార్ల సంగతంటారా, నిజాం రాజ్యంలో హాలీ సిక్కా నడిచేది, బయట బ్రిటిష్ రూపాయి నడిచేది. ఏడు హాలీ రూపాయలకు ఆరు బ్రిటిష్ రూపాయలు. ఆ లెక్కన బ్రిటిష్ వంద మన హాలీలో నూటపదహారూ పైచిల్లర. నూటపదహార్ల దక్షిణ అలా పుట్టిందని పెద్దలంటారు. ఔనో కాదో చదువుకున్నవాళ్లు తేల్చుకోనీ, లెక్క మాత్రం అతుకుతుంది. నిజాం పోయాడు, హాలీ పోయింది, ఆయన మారకం రేటు మాత్రం న్యూజెర్సీలో సత్యనారాయణ వ్రతం దాకా నడుస్తోంది!

ఇంత దూరం ఎందుకు తిరిగొచ్చానంటే, మా నిజామాబాద్ జిల్లా మోస్రాలో ఈ తేడాలు చూడడానికి చైనా దాకా పోనక్కర్లేదు. 1923లో మొదలుపెట్టి 1931 నాటికి మంజీర మీద నిజాంసాగర్ కట్టారు. కాలువ నీళ్లు పారేసరికి కోస్తా జిల్లాల రైతులు బండ్లు కట్టుకుని వచ్చి ఈ నల్లరేగళ్లలో వరి, చెరుకు పెట్టారు. బోధన్, వర్ని, కోటగిరి చుట్టుపక్కల పేరు చివర క్యాంపు అని కనబడే ఊళ్లు వాళ్లు వేసుకున్నవే. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది, ఎక్కడెక్కడి కూలీలూ కార్మికులూ వచ్చారు. బోధన్ దాటి మంజీర వంతెన ఎక్కితే అవతల మహారాష్ట్ర. బజార్లో ఉర్దూ, సంతలో మరాఠీ. గత నలభై యాభై ఏళ్లుగా ఇంటికొకరన్నట్టు గల్ఫ్ దేశాల్లో ఉన్నారు. ఇన్ని పద్ధతులు ఒక్క వాడలో ఉన్నప్పుడు ఎవరికి ఏం పెట్టాలి, ఎట్లా పెట్టాలి అన్నది మామూలు విద్య కాదు.

క్యాంపు అమ్మాయి మొదటిసారి మన వైపు ఒడిబియ్యం చూసినప్పుడు ఆశ్చర్యపోతుంది. వాళ్లది సారె. చలిమిడి, లడ్లు, మిఠాయి గంపలతో కూతుర్ని సాగనంపుతారు, అత్తగారు వాడంతా పంచుతుంది. మనది బియ్యం. పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు, పసుపు కొమ్ములు, వక్కలు, ఒక కనుము. ముత్తయిదువలు ఒక్కొక్కరే దోసిళ్లతో ఆడబిడ్డ కొంగులో పోస్తుంటే నడుం వంగిపోతుంది.

“ఇన్ని బియ్యం మోసుకెళ్లాలా వదినగారూ?”

“అన్నీ గాదు వదినా, ఐదు పిడికిళ్లు ఈడ దేవునింట్ల ఇడిసి పోవాలె. తల్లిగారిల్లు ఊడ్సుకపోయినట్టు ఉండొద్దు గదా.”

ఆ ఐదు పిడికిళ్లు చూడండి. తీసుకుంటూనే కొంత వదిలిపెట్టడం. కానుకల మర్యాద గురించి దేశదేశాల్లో పుస్తకాలు రాశారు గానీ, మా వాడలో పెద్దగా చదువుకోని ముత్తయిదువ దాన్ని చేతల్లో చేసి చూపిస్తుంది.

ఇప్పుడు కనుము దగ్గరికి వద్దాం. క్యాంపుల్లో జాకెట్టు ముక్క అంటారు, పట్నం దుకాణాల్లో బ్లౌజు పీసు. నిలువుగా మడతపెట్టి, మధ్యలో సన్నటి అట్టముక్క దూర్చి, మీద ప్లాస్టిక్ కాగితం చుట్టి ఉంటుంది. ఆకుపచ్చ, కుంకుమ రంగు, పసుపు. మీటరు నిండదు. రవిక కుట్టిద్దామంటే చేతులకు చాలదు, చాలినా ఏ చీరకూ కలవదు. కుట్టించడానికి కాదు కదా అది! బొట్టు పెట్టి చేతిలో పెడతారు, మనం ఇంటికి తెచ్చి బీరువాలో పెడతాం, వచ్చే శుక్రవారం ఇంకొకరికి బొట్టు పెట్టి వాళ్ల చేతిలో పెడతాం. మోస్రాలో బయలుదేరిన కనుము వర్ని పోతుంది, వర్ని నుంచి బాన్సువాడ, అక్కడ పేరంటంలో చేతులు మారి నిజామాబాద్, ఏ శ్రావణ మాసంలోనో మళ్లీ మన గడప తొక్కుతుంది. అట్టముక్క మెత్తబడి ఉంటుంది, మడత అంచున పాత పసుపు మరక కనబడుతుంది. అనుభవం ఉన్న ఆడవాళ్లు ఆ మరక చూసి ఇది ఎన్ని ఇండ్లు తిరిగిందో చెప్పగలరు.

దీన్ని చూసి ముఖం చిట్లించేవాళ్లున్నారు. “ఎవరికీ పనికిరాని ముక్కలు, ఎందుకీ తతంగం” అంటారు. వాళ్ల కోసం ఒక సంగతి చెప్తాను. న్యూగినీకి తూర్పున సముద్రంలో ట్రోబ్రియాండ్ అని దీవులున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో మలినోవ్‌స్కీ అనే పరిశోధకుడు అక్కడ మకాం పెట్టి, చూసినదంతా 1922లో పుస్తకంగా వేశాడు. ఆ దీవులవాళ్లు పడవలెక్కి, ప్రాణాలకు తెగించి సముద్రం దాటి పోయి, ఎర్ర గవ్వల హారాలు ఒక దిక్కుగా, తెల్ల గవ్వల కడియాలు దానికి ఎదురు దిక్కుగా ఇచ్చుకుంటూ పోతారు. హారం ఇచ్చినవాడికి కడియం వస్తుంది, కడియం ఇచ్చినవాడికి హారం. ఎవడూ దాన్ని కలకాలం దాచుకోడు. రోజూ వేసుకు తిరగడానికి కూడా అవి పెద్దగా పనికిరావు. కొన్నాళ్లు ఉంచుకుని ముందుకు పంపాలి. పంపకుండా అట్టిపెట్టుకున్నవాడికి పరువు పోతుంది. కుల వలయం అంటారు దాన్ని, మన కులం కాదు లెండి, వాళ్ల మాట అది. ఆ వలయంలో ఉన్నవాళ్లకు పరాయి దీవిలో దిగితే అన్నం పెట్టే ఇల్లు ఉంటుంది, కాచుకునే మనిషి ఉంటాడు.

మా కనుముల ప్రయాణం అచ్చంగా ఇదే, సముద్రం బదులు ఆర్టీసీ బస్సు. ఒక్కటే తేడా. అక్కడ హారం ఎంతమంది చేతులు మారితే అంత విలువ, ఎవరెవరి దగ్గర ఉండి వచ్చిందో పేర్లు చెప్పుకుంటారు. మనం మాత్రం పాత చీటీ పీకేసి, కొత్తగా కొన్నట్టు నటిస్తాం. ఈ నటన ఎందుకో నాకర్థం కాదు. బోధన్‌లో ఫలానా ఇంటి నుంచి వచ్చింది, అంతకు ముందు ధర్మాబాద్ సేఠు కోడలు పెట్టింది అని చెప్పుకుంటే ఎంత బాగుంటుంది! మరాఠీ వాళ్లు సంక్రాంతికి పసుపు కుంకుమలకు పిలిచి, నువ్వులు బెల్లం ఉండతో పాటు గిన్నో, దువ్వెనో, డబ్బానో వాణం ఇస్తారు. అది వాడుకునే వస్తువు కాబట్టి అక్కడితో ఆగిపోతుంది. వాడుకోలేని కనుమే తిరుగుతూ ఉంటుంది.

బట్టల మాట వచ్చింది కాబట్టి ఒకటి గుర్తు చేస్తాను. 2017లో రాష్ట్ర ప్రభుత్వం మొదటిసారి బతుకమ్మ చీరలు పంచినప్పుడు నాణ్యత బాగాలేదని కొన్ని చోట్ల ఆడవాళ్లు వాటిని కాలబెట్టారు, పేపర్లలో వచ్చింది. పెట్టింది సర్కారైనా సరే, ఆడబిడ్డకు పెట్టే చీర అన్న తర్వాత మేనమామ పెట్టే చీరను చూసినట్టే చేత్తో తడిమి చూస్తారు మరి.

బట్టల సంగతి ఆడవాళ్లది అయితే, రూపాయల సంగతి బుక్కుది. మీరు చూసే ఉంటారు. పొడుగాటి నోటు బుక్కు, మొదటి పేజీకి నాలుగు మూలలా పసుపు, పైన శ్రీకారం. పందిట్లో ఒక మూల బల్ల వేసుకుని ఇద్దరు కూర్చుంటారు. ఒకడు డబ్బు అందుకుంటాడు, ఒకడు రాస్తాడు. రాసేవాడు దస్తూరీ బాగున్నవాడై ఉండాలి, ఊర్లో అందరి ఇంటి పేర్లూ తెలిసినవాడై ఉండాలి, అన్నింటికంటే ముందు అన్నం వేళ దాకా కదలనివాడై ఉండాలి. క్యాంపుల్లో దీన్ని చదివింపులంటారు. వెనకటికి నిజంగానే గట్టిగా చదివేవారు, ఫలానా వారు ఇంత చదివించారు అని. పందిట్లో ఉన్నవాళ్లంతా వినేవారు. మన వైపు కట్నాలు. ఇప్పుడు చదవడం తగ్గింది, రాయడం మాత్రం ఆగలేదు.

పెండ్లి అయిపోయాక ఆ బుక్కు ట్రంకు పెట్టెలోకి, పట్టుచీరల కిందికి పోతుంది. మళ్లీ ఎప్పుడు బయటికి వస్తుందంటే, అందులో పేరున్నవాళ్లింటి నుంచి పత్రిక వచ్చినప్పుడు. “వాళ్లు మన పెద్దపిల్ల పెండ్లికి ఎంత రాయించిండ్రు, జర చూడు” అని కళ్లజోడు తెప్పిస్తారు. ఐదువందల పదహారు అని ఉంటే, ఇప్పుడు మనం పెట్టాల్సింది దానికంటే ఎక్కువ. ఎంత ఎక్కువ అన్నది ఆ మధ్యలో ఎన్నేళ్లు గడిచాయి, బియ్యం ధర ఎంత పెరిగింది, మొన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు చూడడానికి వచ్చారా లేదా, ఇవన్నీ కలిపి వేసే లెక్క. ఏ బ్యాంకు వడ్డీ లెక్కా దీనికి సరిపోదు.

ఈ బుక్కును చూసి మన మేధావులు నవ్వుతారు. ప్రేమగా ఇచ్చినదాన్ని పద్దు రాసుకోవడమేమిటి అని. భగవద్గీత పదిహేడో అధ్యాయం కూడా వాళ్ల పక్షమే. తిరిగి వస్తుందని ఆశించి ఇచ్చేది రాజస దానమే తప్ప సాత్వికం కాదని తేల్చింది. నేను కాదనను. కానీ పెండ్లిలో మనం ఇచ్చేది దానం కాదు. దానం ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ మళ్లీ ఎదురుపడకపోయినా ఫరవాలేదు. కట్నం రాయించినవాడు మళ్లీ మళ్లీ ఎదురుపడాలి. 1925లో మార్సెల్ మోస్ అనే ఫ్రెంచి పండితుడు లోకంలోని కానుకలన్నీ పరిశీలించి మూడు బాధ్యతలు చెప్పాడు. ఇవ్వాలి, ఇస్తే పుచ్చుకోవాలి, పుచ్చుకుంటే తిరిగి ఇవ్వాలి. మా ఊరివాళ్లు దీనికి నాలుగోది కలిపారు: తిరిగి ఇచ్చేటప్పుడు సరిగ్గా అంతే ఇవ్వొద్దు. ఐదువందల పదహారుకు అచ్చంగా ఐదువందల పదహారే రాయించి చూడండి, చెల్లుకు చెల్లు అయిపోయింది, ఇక మనకూ మీకూ ఏం లేదు అని చెప్పినట్టు. ఒకరు ఎప్పుడూ కొంచెం బాకీ ఉండాలి. ఆ బాకీ ఉన్నన్నాళ్లే రాకపోకలు. కాబట్టి కట్నాల బుక్కు పిసినారి లెక్క కాదు, రెండిండ్లు ఇంకా తెగలేదనడానికి రాతలో ఉన్న రుజువు.

ఇంకో తమాషా. బుక్కు రాయడం మోటు పద్ధతి అనుకుంటారు కదా, చట్టమే రాయమంటోంది. 1961 వరకట్న నిషేధ చట్టంలో, ఎవరూ అడగకుండా పెండ్లిలో ఇచ్చే కానుకలకు మినహాయింపు ఉంది, వాటి జాబితా రాసి ఉంటేనే సుమా. ఆ జాబితా ఎలా ఉండాలో 1985లో నిబంధనలు చేశారు. ఏ వస్తువు, విలువ సుమారుగా ఎంత, ఇచ్చినవారు ఎవరు, వరుసకు ఏమవుతారు, అన్నీ రాసి పెండ్లికూతురి జాబితా మీదా, పెండ్లికొడుకు జాబితా మీదా ఇద్దరూ సంతకం పెట్టాలి. మన బుక్కులో సంతకం తప్ప మిగతావన్నీ ఉన్నాయి. ఎంతమంది ఈ జాబితా రాస్తున్నారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. పందిట్లో వంద రూపాయలు రాయించిన పాలాయన పేరు బుక్కులో ఉంటుంది, పందిరి వేయకముందే బ్యాగులో చేతులు మారిన లక్షలు ఏ బుక్కులోనూ ఉండవు. అడిగి తీసుకునేదాన్ని కానుకల వరుసలో కూర్చోబెట్టకండి. దానికి మర్యాదల్లేవు, దానికి ఉన్నది శిక్షే.

డాబు కోసం ఇచ్చేవి వేరే రకం. కెనడా పడమటి తీరంలో క్వాక్వాకావాక్వ్ మొదలైన తెగలవాళ్లు పాట్లాచ్ అని విందు చేసేవారు. ఎంత పంచిపెడితే అంత గొప్పవాడు. దుప్పట్లు, పడవలు, రాగి పలకలు పంచి పంచి పెద్దరికం తెచ్చుకునేవారు. ఇదంతా దుబారా అని అక్కడి ప్రభుత్వం 1885 నుంచి నిషేధించి, మళ్లీ 1951లో గానీ ఎత్తేయలేదు. మన గోదావరి సారెలు చూసి ఉంటే ఆ దొరలు ఏం చేసేవారో! 2021 ఆషాఢంలో రాజమండ్రి నుంచి యానాంకు ఒకాయన తన కూతురింటికి టన్ను చేపలు, టన్ను కూరగాయలు, రొయ్యలు, కోళ్లు, పది మేకలు వ్యాన్ల మీద పంపిస్తే టీవీలన్నీ చూపించాయి. మా క్యాంపుల్లో అది చూసి మీసం మెలేసినవాళ్లు కొందరు, “ఆ రొయ్యలు కడిగే కోడలి గతేంటో” అన్నవాళ్లు ఇంకొందరు. నేను రెండో జట్టు.

అన్నట్టు మన నిజాం కూడా ఒక పెండ్లికి కానుక పంపాడు. 1947 నవంబరు 20న లండన్‌లో ఎలిజబెత్ రాకుమారి పెండ్లి. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కార్టియే నగల దుకాణానికి కబురు పెట్టి, అమ్మాయికి ఏది నచ్చితే అది ఎంచుకోనివ్వమన్నాడు. ఆమె వజ్రాల హారం, తలకిరీటం ఎంచుకుంది. ఇవాళ మనం గిఫ్టు కార్డు అంటున్నామే, అదే. అదే పెండ్లికి గాంధీ తన చేత్తో వడికిన నూలుతో అల్లిన చిన్న గుడ్డ పంపాడు. నడుమ జైహింద్ అని ఉంది. పెండ్లికూతురి నాయనమ్మ మేరీ రాణి దాన్ని చూసి గోచీగుడ్డ పంపాడనుకుని చిరాకు పడిందని చెప్పుకున్నారు. మన వియ్యపురాండ్రు చీర అంచు చూసి ముఖం తిప్పుకోవడంలో తప్పేముంది, రాజుల ఇండ్లల్లోనే అట్లా ఏడ్చింది.

పైసా ఖర్చు లేని కానుక కావాలంటే దసరాకు మా ఊరికి రండి. సాయంత్రం ఊరి బయట జమ్మి చెట్టుకు పూజ చేసి, నాలుగు రెమ్మలు తెంపుకొచ్చి, బంగారం అని పెద్దల చేతుల్లో పెట్టి కాళ్లు మొక్కుతాం, దోస్తులతో అలాయ్ బలాయ్ తీసుకుంటాం. మంజీర అవతల మరాఠీ వాళ్లు అదే సాయంత్రం రెండు రెక్కలుగా చీలిన ఆప్టా ఆకును సోనం అని ఇచ్చుకుంటారు. ఆకు వేరు, మాట ఒకటే. దీని వెనక చెప్పుకునే కథ కౌత్సుడిది. గురుదక్షిణకు పద్నాలుగు కోట్లు కావాలని రఘుమహారాజు దగ్గరికి వస్తాడు. అప్పటికే ఆయన యాగంలో ఉన్నదంతా ఇచ్చేసి మట్టిపాత్రతో ఉన్నాడు. కుబేరుడు బంగారు వాన కురిపిస్తే, అంతా నీదే తీసుకో అంటాడు రాజు, నాకు పద్నాలుగు కోట్లే చాలు, ఒక్క బిళ్ల ఎక్కువ వద్దు అంటాడు కౌత్సుడు. వానలో మిగిలిన బంగారమే చెట్టు కింద జనం ఏరుకున్నారని మనవాళ్లు కథ సాగదీశారు. ఇచ్చేవాడు ఎక్కువ ఇస్తానంటూ, పుచ్చుకునేవాడు వద్దంటూ పడిన తగువు అది. మన వియ్యాలవారి తగువులు దీనికి సరిగ్గా ఎదురు.

గల్ఫ్ కానుకల గురించి చెప్పకుండా ఈ జిల్లాలో కానుకల ముచ్చట ముగియదు. రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చే మనిషి వెంట పెద్ద అట్టపెట్టె వస్తుంది. నైలాను తాడు అడ్డంగా నిలువుగా గట్టిగా బిగించి, నాలుగు వైపులా మార్కర్‌తో పేరు, ఊరు పెద్దపెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఆటో దిగీ దిగకముందే వాడంతా గుమిగూడుతుంది. పెట్టె కోస్తే అమ్మకు మెత్తటి కంబలి, బాపుకు టార్చిలైటు, పిల్లలకు చాక్లెట్లు, టాంగ్ డబ్బా, నీడో పాలపొడి, మిగతా ఇండ్లకు ఇంటికో సబ్బు, ఇంటికో టైగర్ బామ్ సీసా, దగ్గరివాళ్లకు సెంటు. సబ్బుల లెక్క తప్పితే అంతే సంగతులు.

“మా ఇంటికి రాలేదేం రా సబ్బు?”

“పెద్దమ్మా, సామాను బరువు మించిందని ఎయిర్‌పోర్టుల తీసేసిండ్రే.”

“ఆఁ, మా సబ్బే దొరికిందా వాళ్లకు!”

వీసాకు ఏజెంటు దగ్గర పెట్టిన అప్పు ఇంకా తీరనివాడు కూడా పెట్టె నింపుకుని రావాల్సిందే. వట్టి చేతులతో వస్తే అక్కడేం బాగాలేదని ఊరికి తెలిసిపోతుంది. అందుకని సెలవు దొరికినా రాకుండా ఇంకో ఏడాది నెట్టుకొచ్చేవాళ్లున్నారు. ఇది నాకు నచ్చదు. ఇచ్చేవాడు రావడానికే జంకేంత బరువు పెట్టకూడదు మనం.

తిరుగు ప్రయాణంలో మాత్రం ఊరి మంచితనం బయటపడుతుంది. అదే పెట్టెలో ఇప్పుడు సకినాలు, మామిడికాయ తొక్కు, కారప్పొడి, గరిజెలు. తన ఇంటివి కావు, పక్కింటివాళ్లవి, ఎదురింటివాళ్లవి. “మావోడు నీ పక్క రూముల్నే ఉంటడు, ఇంత తొక్కు ఇయ్యి బిడ్డా.” ఒక్కో డబ్బా మీద ఒక్కో పేరు. తన బట్టలు తగ్గించుకుని ఊరి తొక్కులు మోసుకుపోతాడు. అక్కడ నేర్చుకున్న మర్యాదలూ కొన్ని పట్టుకొస్తారు. అరబ్బుల ఇంట్లో చిన్న గిన్నెలో కావా పోస్తూనే ఉంటారట, చాలనుకుంటే గిన్నెను కొంచెం ఊపాలి. వాళ్ల ఇంట్లో వస్తువును మరీ మెచ్చుకోకూడదు, మెచ్చుకుంటే తీసి ఇచ్చేస్తారు, వద్దంటే నొచ్చుకుంటారు. ఇది మన దగ్గర కూడా ఉంటే ఎన్ని చీరలు చేతులు మారేవో.

ఇక్కడ రంజాన్ రోజున పక్కింటి నుంచి షీర్ ఖుర్మా వస్తుంది, ఉగాది రోజున మన పచ్చడి, బచ్చాలు పోతాయి. వచ్చిన గిన్నెను కడిగి వట్టిగా పంపకూడదు. ఏమీ లేకపోతే ఒక చెంచా శక్కరైనా వేసి పంపాలి. బోధన్ కార్ఖానా గొట్టం పొగ వదిలిన రోజుల్లో మాకు శక్కరకు లోటు లేదు. కార్ఖానా 2015 డిసెంబరులో మూతపడింది. గిన్నెలో శక్కర వేసే అలవాటు మూతపడలేదు, బస్తా ఎక్కడి నుంచి వస్తుందన్నదే మారింది.

ఇచ్చిన వెంటనే విప్పి చూడడం అమెరికాలో మర్యాద. విప్పి, “ఎంత బాగుందో” అని ఇచ్చినవాళ్ల ఎదుటే అనాలి. మనకు అది ఆశపోతు లక్షణం. అందరూ పోయాక, రాత్రి పందిరి కింద చాప మీద కూర్చుని విప్పుకోవాలి, ఎవరేమిచ్చారో వ్యాఖ్యానం చేసుకోవాలి. అక్కడి మన తెలుగువాళ్లు రెండూ వదిలేసి ఆహ్వానాల మీద “నో బాక్స్‌డ్ గిఫ్ట్స్” అని వేస్తున్నారు, అంటే పెట్టెలు తేవద్దు, కవరైతే ఫరవాలేదు అని. వాళ్ల ఇండ్లల్లో చోటు ఇబ్బంది, ఊళ్లు మారే ఇబ్బంది, అర్థం చేసుకోవచ్చు.

ఆ ముక్క ఇప్పుడు మా పత్రికల మీదికి దిగింది, ఇంకో రూపంలో. “కానుకలు స్వీకరించబడవు” అని అడుగున సన్నటి అక్షరాల్లో. కొందరైతే బల్ల దగ్గర బుక్కు తీసేసి క్యూఆర్ కోడ్ అట్ట నిలబెట్టారు. ఫోను చూపించి డబ్బు పంపితే టింగుమని మోగుతుంది, ఎవరూ పేరు పిలవరు, రాసేవాడు తలెత్తి “బాగున్నవా కాకా” అని అడగడు. నాకు రెండింటి మీదా అభ్యంతరమే గానీ మొదటిదాని మీద ఎక్కువ. కానుక వద్దని అచ్చు వేయించేవాళ్లది మంచి మనసే, వచ్చేవాళ్లకు భారం కాకూడదని. కానీ యాభై రూపాయలు కవరులో పెట్టుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చిన జీతగాడి సంగతి ఆలోచించండి. వాడి కూతురి పెండ్లికి మీరు ఐదువందలు రాయించారు. అది వాడికి గుర్తుంది. ఇవాళ తిరిగి ఇద్దామని వచ్చాడు. మీరు వద్దన్నారు. అంటే వాడు మీకు ఎప్పటికీ బాకీదారుగానే ఉండాలనా? ఇవ్వడం అందరికీ చేతనవుతుంది, చిన్నదాన్ని పెద్ద మనసుతో పుచ్చుకోవడమే కష్టం.

వచ్చే మాఘంలో మీ ఇంట్లో పెండ్లి ఉంటే పత్రిక మీద ఆ ముక్క వేయించకండి. క్యూఆర్ కోడ్ పెట్టుకుంటే పెట్టుకోండి, పక్కన ఒక బల్ల, ఒక బుక్కు, దస్తూరీ బాగున్న కుర్రాణ్ని కూడా కూర్చోబెట్టండి. యాభై రూపాయలకు కూడా పేరు, ఇంటి పేరు, ఊరు పూర్తిగా రాయమనండి. గడియారాలు వస్తే నన్నడక్కండి, మంచం కింద చోటు మీరే చూసుకోవాలి.